ఆడటం వేరు, ఆడించడం వేరు: ఐస్ హాకీ ఆటగాడు కోచ్ అయ్యే దారి

మా అక్క వాళ్ళు కెనడాలో, టొరంటో పక్కనున్న బ్రాంప్టన్‌లో ఉంటారు. చిన్నోడికి పదకొండేళ్ళు, రెండేళ్ళుగా ఐస్ హాకీ ఆడుతున్నాడు. పోయిన ఆదివారం పొద్దున్నే నేను తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడుస్తుంటే ఫోన్ చేసింది. అక్కడ శనివారం రాత్రి, పిల్లోడి మ్యాచ్ అయిపోయి అప్పుడే ఇంటికొచ్చారంట. "ఒరే, వీళ్ళ కోచ్ ఒకప్పుడు జీతం తీసుకుని పెద్ద లీగుల్లో ఆడినాడంట. అంత ఆడినోడు ఈ పిల్లోళ్ళకి స్కేటింగ్ నేర్పిస్తా ఉండాడేంది? పైన ఎక్కడా పని దొరకలేదా పాపం?" అని అడిగింది.

నడక అయ్యాక టీ కొట్టు దగ్గర ఈ సంగతి చెప్తే అక్కడ వాదన మొదలైంది. గొప్పగా ఆడినోడికే గొప్పగా నేర్పడం వస్తుందని ఒకాయన, ఆడటం వేరు ఆడించడం వేరని ఇంకొకాయన. మన క్రికెట్ జట్టుకి కోచ్ మారిన ప్రతిసారీ వినపడే వాదనే ఇది. ఐస్ హాకీలో అయితే దీన్ని తేల్చుకోవడానికి ఉదాహరణలు బోలెడు ఉన్నాయి, ఉత్తర అమెరికాలోని పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ 1917లోనే మొదలైంది కాబట్టి. అక్కకి ఫోన్లో అరగంట చెప్పినా సగమే అయింది, మిగతాది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మన హాకీ తెలిసినవాళ్ళకి ఈ హాకీలో కొత్తగా కనపడేవి

హాకీ మనకు కొత్తేమీ కాదు. భారత మహిళల జట్టుకి గోల్‌కీపర్‌గా ఆడిన ఎతిమరపు రజనిది మన ఎర్రావారిపాళెం మండలమే. కానీ ఆమె ఆడింది మైదానం మీద. ఐస్ హాకీ సుమారు 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పున్న మంచు గచ్చు మీద, చుట్టూ గోడ కట్టి ఆడతారు. ఆ గచ్చుని రింక్ అంటారు. బంతి బదులు పక్ ఉంటుంది: గట్టి రబ్బరు బిళ్ళ, మూడంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం. బరువు 156 నుంచి 170 గ్రాములు, అంటే దాదాపు మన క్రికెట్ బంతి అంత. ఎన్‌హెచ్‌ఎల్ నైపుణ్యాల పోటీలో 2012లో కొట్టిన ఒక షాట్ గంటకు 175 కిలోమీటర్లు దాటింది. ఈ వేగాన్ని గుర్తు పెట్టుకోండి, కింద ఒకాయన కంటికి ఏమైందో చెప్పేటప్పుడు పనికొస్తుంది.

ఒక జట్టుకి ఐస్ మీద ఆరుగురు ఉంటారు. గోలీ (గోల్‌కీపర్) ఒకరు, డిఫెన్స్ ఇద్దరు, ఫార్వర్డ్‌లు ముగ్గురు. ఇరవై నిమిషాల పీరియడ్లు మూడు, మొత్తం 60 నిమిషాలు. తప్పు చేసినవాడు సాధారణంగా రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, అంతసేపూ వాడి జట్టు ఒక మనిషి తక్కువతో నెట్టుకురావాలి.

క్రికెట్‌లో ఫీల్డు లోపల నిర్ణయాలన్నీ కెప్టెన్‌వి, కోచ్ బాల్కనీలో కూర్చుంటాడు. బ్యాడ్మింటన్‌లో పుల్లెల గోపీచంద్ లాంటి గురువు ఎదురుగా ఒక్క శిష్యురాలు ఉంటుంది, ఆటని మూల నుంచి ఆమెతోనే కట్టుకుంటూ వస్తాడు. ఐస్ హాకీ కోచ్ ఈ రెండింటికీ భిన్నం, మ్యాచ్ జరుగుతున్నంతసేపూ బెంచ్ వెనకే నిలబడి దాదాపు ప్రతి నిమిషానికీ ఎవర్ని లోపలికి పంపాలో, ఎవర్ని బయటికి పిలవాలో తేలుస్తూనే ఉండాలి.

బెంచ్ వెనక జరిగే లెక్క

ఇది ఒక్కసారి కాగితం మీద వేసి చూస్తే కోచ్ పని ఏంటో సగం అర్థమైపోతుంది.

మ్యాచ్‌కి డ్రెస్ వేసుకునేది 20 మంది. అందులో గోలీలు ఇద్దరు, మామూలుగా డిఫెన్స్ ఆరుగురు, ఫార్వర్డ్‌లు పన్నెండు మంది. ఐస్ మీద మామూలుగా ముగ్గురు ఫార్వర్డ్‌లు ఉంటారు కాబట్టి పంచడానికి కోచ్ చేతిలో ఉన్నది మూడు అరవైలు, 180 నిమిషాలు. పన్నెండు మందికి సమానంగా పంచితే తలా 15 నిమిషాలు వస్తుంది. ఒక్కొక్కరు లోపలికెళ్తే ఉండేది సుమారు 45 సెకన్లు, దాన్నే షిఫ్ట్ అంటారు. ఆ మాత్రం సేపు పూర్తి వేగంతో స్కేటింగ్ చేస్తే ఊపిరి అందదు, అందుకే ఆట నడుస్తుండగానే గోడ దూకి మారిపోతుంటారు. 15 నిమిషాలంటే ఇరవై షిఫ్టులు.

కానీ సమానంగా ఎవరూ పంచరు. ముగ్గురు స్టార్లకి 21 నిమిషాల చొప్పున ఇచ్చామనుకోండి, 63 పోయాయి. రెండో ముగ్గురికి 17 చొప్పున 51. ఇక మిగిలింది 66, దాన్ని ఆరుగురు పంచుకోవాలి, తలా 11 నిమిషాలు. ఆ ఆరుగురిలో ప్రతి ఒక్కడూ చిన్నప్పుడు తన ఊళ్ళో అందరికన్నా బాగా ఆడినవాడే. వాడికి పదకొండు నిమిషాలే ఇచ్చి, ఆ పదకొండు నిమిషాలూ ప్రాణం పెట్టి ఆడేలా చూడాలి, పైగా ఏడాదికి ఎనభైకి పైగా మ్యాచ్‌ల్లో. నాకు అడిగితే కోచ్ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైనది ఇదే. గీతలు గీసి ప్లాన్లు చెప్పడం దీని తర్వాతే.

ఇంకో చిక్కు ఉంది. ఆట ఆగిన ప్రతిసారీ బయటి నుంచి వచ్చిన జట్టు ముందు తన మనుషుల్ని పంపాలి, వాళ్ళని చూసుకున్నాక సొంత ఊరి జట్టు పంపుతుంది. అంటే సొంత రింక్‌లో ఆడేటప్పుడు ఎదుటివాళ్ళ స్టార్ లోపలికి రాగానే వాడికి అడ్డం పడేవాణ్ణి సరిగ్గా ఎంచి పంపొచ్చు. బయటి ఊళ్ళో ఆ వీలు లేదు. జట్టు అదే, మనుషులూ అదే, అయినా కోచ్ వేసే ఎత్తు రెండు చోట్లా వేరుగా ఉంటుంది.

ఆటగాడిగా పైకి వెళ్ళే దారి, అది మూసుకుపోయే చోటు

కెనడా పిల్లలు చాలామంది పదహారేళ్ళకి జూనియర్ లీగుల్లోకి వెళ్తారు. ఇంకొందరు అమెరికా కాలేజీ జట్ల మీదుగా వస్తారు. పద్దెనిమిదేళ్ళు నిండుతున్నప్పుడు డ్రాఫ్ట్ ఉంటుంది. 32 జట్లు వరుసగా కుర్రాళ్ళని ఎంచుకుంటాయి, ఏడు రౌండ్లు, మొత్తం 224 మంది. మన ఐపీఎల్ వేలంలా డబ్బు పాట ఉండదు, జట్టు పేరు పిలిచిందంటే నీతో ఒప్పందం చేసుకునే హక్కు దానిది.

పేరు పిలిచినంత మాత్రాన పెద్ద లీగ్‌లో ఆడినట్టు కాదు. చాలామంది ముందు ఏహెచ్‌ఎల్‌కి వెళ్తారు, అది రెండో మెట్టు లీగ్. ప్రతి పెద్ద జట్టుకీ అక్కడ ఒక అనుబంధ జట్టు ఉంటుంది, పైన ఎవరికైనా దెబ్బ తగిలితే కింది నుంచి ఒకణ్ణి పిలిపిస్తారు. పైన ఆడిన రోజుకి ఒక జీతం, కింద ఆడిన రోజుకి చాలా తక్కువ జీతం, రెండూ ఒకే కాగితం మీద రాసి ఉండే ఒప్పందాలు కూడా ఉంటాయి. పైన కనీస జీతం 2025–26 సీజన్‌లో 7,75,000 డాలర్లు. వినడానికి పెద్ద మొత్తమే, కానీ అది ఎన్నేళ్ళు వస్తుందన్నదే అసలు ప్రశ్న. మోకాలు, నడుము, తలకి తగిలే దెబ్బలు, వెనక నుంచి తోసుకొచ్చే ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు, ఇవన్నీ కలిసి ముప్పై దాటాక ప్రతి ఏడాదినీ బోనస్‌గా మార్చేస్తాయి. చాలామంది ముప్పై అయిదుకి ముందే ఇంటికొస్తారు. సగం జీవితం ఇంకా మిగిలే ఉంటుంది, చేతిలో మాత్రం ఒక్క విద్యే ఉంటుంది.

మ్యానీ మల్హోత్రా: ఒక కంటి దెబ్బ, ఆ తర్వాత

కాస్త నిలబడి చెప్పాల్సిన కథ ఇది. మ్యానీ మల్హోత్రా 1980లో టొరంటో పక్కనే మిస్సిసాగాలో పుట్టాడు. తండ్రిది పంజాబ్, తల్లి ఫ్రెంచ్ కెనడియన్. 1998 డ్రాఫ్ట్‌లో ఏడో స్థానంలో న్యూయార్క్ రేంజర్స్ ఎంచుకుంది, అదే ఏడాది పద్దెనిమిదేళ్ళకే పెద్ద లీగ్‌లో దిగాడు. అంత ముందుగా ఎంచుకున్న కుర్రాడు గోల్స్ వర్షం కురిపిస్తాడని అందరూ అనుకుంటారు. కురిపించలేదు. 991 మ్యాచ్‌ల్లో 116 గోల్స్, అంటే ఎనిమిది తొమ్మిది మ్యాచ్‌లకు ఒకటి.

మరి 991 మ్యాచ్‌లు ఎలా ఆడించారు? ఎవరూ ఇష్టపడని పనులు నేర్చుకున్నాడు కాబట్టి. ఆట ఆగి మొదలైన ప్రతిసారీ మ్యాచ్ అధికారి ఒకరు ఇద్దరు ఆటగాళ్ళ మధ్య పక్ పడేస్తాడు, దాన్ని ఫేస్ఆఫ్ అంటారు. మల్హోత్రా తన మంచి రోజుల్లో పదింటిలో ఆరు గెలిచేవాడు. సగానికి పైన ఆ ఒక్కటి ఎక్కువేముంది అనిపిస్తుంది గానీ, మన గోల్ ముందు, ఒక మనిషి తక్కువగా ఉన్నప్పుడు ఆ పక్ ఎవరి చేతికి పోయిందన్నది గోల్‌కీ గండం గడవడానికీ మధ్య తేడా. 2010–11లో వాంకూవర్ జట్టులో ఈ కష్టమంతా ఇతను మోశాడు, అందువల్ల జట్టులోని స్టార్లు ఎదుటివాళ్ళ గోల్ దగ్గర ఎక్కువసేపు ఆడగలిగారు. ఆ కష్టం స్కోరుబోర్డులో ఇతని పేరు మీద పడదు. కోచ్‌కి మాత్రం తెలుసు.

2011 మార్చిలో పక్ వచ్చి ఎడమ కంటికి తగిలింది. ఆపరేషన్లు అయ్యాయి. మూడు నెలలు తిరక్కముందే, జూన్‌లో ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ ఫైనల్ రెండో మ్యాచ్‌లో మళ్ళీ ఐస్ మీదికి వచ్చాడు, స్టేడియం మొత్తం లేచి నిలబడింది. కానీ చూపు పూర్తిగా రాలేదు. 2013లో జట్టే ఇతన్ని ఆపేసింది, ఇంకో దెబ్బ తగిలితే ప్రమాదమని. ఇక్కడ రెండు పక్షాల మాటా న్యాయమే అనిపిస్తుంది నాకు. ఆటగాడు నేను ఆడగలను అన్నాడు, జట్టు నీ కన్ను ముఖ్యం అంది. ఆ తర్వాత అతను కింది లీగ్‌లో ప్రయత్నించి, కరోలినా, మాంట్రియల్ జట్లకి మళ్ళీ పైన ఆడాడు.

ఆట 2016లో ఆగింది. అప్పటి నుంచి మెట్లు చూడండి. ముందు వాంకూవర్‌లో కుర్రాళ్ళని తీర్చిదిద్దే పని. 2017లో అక్కడే అసిస్టెంట్ కోచ్. 2020లో టొరంటోలో అసిస్టెంట్ కోచ్. 2024లో హెడ్ కోచ్, అదీ ఏహెచ్‌ఎల్‌లో, వాంకూవర్ అనుబంధ జట్టు అబ్బాట్స్‌ఫర్డ్‌కి. పంజాబీలు ఎక్కువగా స్థిరపడ్డ ఊరది. మొదటి ఏడాదే, 2025 జూన్‌లో, ఆ జట్టు ఏహెచ్‌ఎల్ ట్రోఫీ అయిన కాల్డర్ కప్ గెలిచింది. పద్దెనిమిదేళ్ళకే పై లీగ్‌లో దిగినవాడు, కోచ్‌గా ఒక జట్టు పగ్గాలు తన చేతికి రావడానికి ఎనిమిదేళ్ళు ఆగాడు. వచ్చింది కూడా కింది లీగ్‌లోనే.

ఇది దిగజారడం కాదని అక్కకి చెప్పింది ఈ ఉదాహరణతోనే. డాక్టర్‌గా ఇరవై ఏళ్ళు చేసినాయన లా చదివి కోర్టుకి వెళ్తే ముందు జూనియర్‌గానే నిలబడతాడు కదా.

"గొప్ప ఆటగాడే గొప్ప కోచ్" అనేవాళ్ళ వాదన, కాదనేవాళ్ళ వాదన

కాదనేవాళ్ళు మొదట చెప్పే పేరు వేన్ గ్రెట్జ్కీ. 1,487 మ్యాచ్‌ల్లో 894 గోల్స్, ఆ రికార్డు 2025 ఏప్రిల్‌లో గానీ చెదరలేదు. ఆయన 2005 నుంచి 2009 దాకా నాలుగు సీజన్లు ఫీనిక్స్ జట్టుకి కోచ్. 143 గెలుపులు, 161 ఓటములు, ఇంకో 24 ఓటములు అదనపు సమయంలో లేదా షూటౌట్‌లో. గెలిస్తే రెండు పాయింట్లు, అదనపు సమయంలో ఓడితే ఒకటి, మామూలుగా ఓడితే సున్నా. అంటే 286కి 24 కలిపి 310 పాయింట్లు. 328 మ్యాచ్‌లకి రావాల్సినవి 656. సగం కూడా రాలేదు, నాలుగేళ్ళలో ఒక్కసారీ ప్లేఆఫ్స్ చేరలేదు.

దీన్నిబట్టి గ్రెట్జ్కీకి ఆట అర్థం కాలేదనడం తప్పు. ఆటని అంత బాగా చూడగలిగినవాడు ఇంకొకడు లేడనే చెప్తారు. బహుశా చిక్కు అక్కడే ఉంది, తనకి కనపడేది పదకొండు నిమిషాల ఆటగాడికి కనపడదు, అది ఎందుకు కనపడదో ఆయనకి తట్టకపోవచ్చు. ఇంకో సంగతి కూడా చెప్పాలి: ఆ జట్టు డబ్బుకి కటకటలాడి 2009లో దివాలా దాకా వెళ్ళింది. చేతిలో బలమైన జట్టు లేని కోచ్‌ని పాయింట్లతో మాత్రమే తూచడం న్యాయం కాదు.

రెండో పేరు జాన్ కూపర్. ప్రొఫెషనల్ హాకీ ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మిషిగన్‌లో లాయరుగా ఉంటే, ఒక జడ్జిగారు వాళ్ళబ్బాయి హైస్కూలు జట్టుకి కోచింగ్ ఇవ్వమని అడిగారు. అక్కడ మొదలై జూనియర్ లీగులు, ఏహెచ్‌ఎల్ దాటుకుంటూ 2013లో టాంపా బే హెడ్ కోచ్ అయ్యాడు, 2020, 2021లో వరుసగా స్టాన్లీ కప్ గెలిపించాడు. కోచ్‌గా తొమ్మిది కప్పులు గెలిచిన స్కాటీ బౌమన్‌ది కూడా ఇలాంటిదే, జూనియర్ దశలోనే తలకి తగిలిన దెబ్బతో ఆటకి దూరమైనవాడు.

అవుననేవాళ్ళ దగ్గరా బలమైన పేర్లున్నాయి. రాడ్ బ్రిండమోర్ 1,484 మ్యాచ్‌లు ఆడాడు, కరోలినా కెప్టెన్‌గా 2006లో స్టాన్లీ కప్ అందుకున్నాడు. 2010లో ఆట మానేసి, 2011 నుంచి అదే జట్టులో అసిస్టెంట్ కోచ్‌గా ఏడేళ్ళు పనిచేసి 2018లో హెడ్ కోచ్ అయ్యాడు. అప్పటికి తొమ్మిదేళ్ళుగా ప్లేఆఫ్స్ ముఖం చూడని జట్టు, మొదటి సీజన్‌లోనే వెళ్ళింది. 2021లో ఉత్తమ కోచ్‌కి ఇచ్చే జాక్ ఆడమ్స్ అవార్డు ఆయనకి వచ్చింది. కెప్టెన్‌గా తానే చేసి చూపించినవాడు కాబట్టి, చెమటోడ్చమని చెప్పినప్పుడు కుర్రాళ్ళు మారు మాట్లాడరు. ఈ గౌరవం లాయరుగా వచ్చినవాడు కష్టపడి సంపాదించుకోవాలి, కెప్టెన్‌గా వచ్చినవాడికి మొదటి రోజే దొరుకుతుంది.

నేను ఎటు మొగ్గుతానంటే, గ్రెట్జ్కీకీ బ్రిండమోర్‌కీ తేడా ప్రతిభలో లేదు. ఒకరు ముందు ఎక్కడా కోచింగ్ చేయకుండా నేరుగా హెడ్ కోచ్ కుర్చీలో కూర్చున్నారు, ఇంకొకరు ఏడేళ్ళు పక్క కుర్చీలో కూర్చుని చూశారు. పైగా బ్రిండమోర్, మల్హోత్రా ఇద్దరూ ఆడే రోజుల్లోనే డిఫెన్స్ బాధ్యత, ఫేస్ఆఫ్‌లు, ఒక మనిషి తక్కువగా ఉన్నప్పటి ఆట మీద బతికినవాళ్ళు, అవన్నీ మాటల్లో చెప్పి నేర్పగలిగే విద్యలు. అయినా ఈ లెక్క కూడా గట్టిది కాదు, దీన్ని తప్పని చూపించే ఒకాయన చివర్లో వస్తాడు.

కప్పు గెలిపించినా ఉద్యోగం నిలవదు

ఆటగాళ్ళకి యూనియన్ ఉంది, ఒప్పందాలు పటిష్ఠంగా ఉంటాయి. కోచ్‌కి అలాంటి కవచం లేదు. జట్టు వరుసగా ఓడితే ఇరవై మందిని మార్చడం అయ్యే పని కాదు, ఒక్కణ్ణి మార్చడం సులువు.

క్రెయిగ్ బెరూబీ సంగతి చూడండి. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోని మనిషి, ముష్టి యుద్ధాలకి పేరుబడి వెయ్యికి పైగా మ్యాచ్‌లు ఆడాడు. 2018 నవంబరులో సెయింట్ లూయిస్ తన కోచ్‌ని తీసేసి ఇతన్ని తాత్కాలికంగా నిలబెట్టింది. 2019 జనవరి మొదట్లో ఆ జట్టు లీగ్ మొత్తంలో ఆఖరి స్థానం. అదే జట్టు జూన్‌లో స్టాన్లీ కప్ గెలిచింది, ఆ జట్టు చరిత్రలో మొదటిసారి. 2023 డిసెంబరులో ఆ జట్టే ఆయన్ని పంపించేసింది. 2024 మేలో టొరంటో పిలిచి హెడ్ కోచ్‌ని చేసింది. అయిదున్నరేళ్ళలో తాత్కాలికం, కప్పు, తొలగింపు, కొత్త జట్టు. ఈ వృత్తిలో ఇది విపరీతమేమీ కాదు, తీసేయడం అవమానం కింద కూడా ఎవరూ లెక్కేయరు.

మన దేశంలో ఈ దారి ఎక్కడిదాకా ఉంది

మే నెలలో నలభై డిగ్రీలు దాటే తిరుపతిలో సాయంత్రాలు పిల్లలు చక్రాల స్కేట్లు కట్టుకుని తిరుగుతుంటారు, మన దగ్గర ఈ ఆటకి దగ్గరి చుట్టం అదొక్కటే. దేశంలో ఐస్ హాకీ అంటే లద్దాఖ్. చలికాలం గడ్డకట్టిన చెరువుల మీద, ఏడాదికి రెండు నెలలు దొరికితే గొప్ప. 1989లోనే భారత్ అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్యలో చేరింది. మహిళల జట్టు 2016లో మొదటిసారి అంతర్జాతీయ టోర్నీ ఆడింది, 2025లో ఆసియా కప్‌లో కంచు పతకం తెచ్చింది. సైన్యం, ఐటీబీపీ జట్లలో ఆడేవాళ్ళకి జీతం వస్తుంది, కానీ అది ఆ ఉద్యోగం జీతం. ప్రొఫెషనల్ లీగ్ లేదు కాబట్టి ఆటగాడి వృత్తి, కోచ్ వృత్తి అని రెండు ముక్కలు ఇక్కడ విడిపోలేదు. పొద్దున ఆడినవాళ్ళే మధ్యాహ్నం పిల్లలకి నేర్పుతారు.

అక్క ప్రశ్నకి జవాబు, మార్టిన్ సాన్ లూయీ మీదుగా

ఇందాక చివర్లో వస్తాడన్న మనిషి ఇతనే. మార్టిన్ సాన్ లూయీ అయిదడుగుల ఎనిమిదంగుళాలు. పొట్టివాడని డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ ఎంచుకోలేదు. అలాంటివాడు 2004లో టాంపా బేకి స్టాన్లీ కప్ తెచ్చిన జట్టులో ఉన్నాడు, ఆ ఏడాది లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడు కూడా అతనే, తర్వాత 2018లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. 2015లో ఆట మానేశాక ఏ పెద్ద జట్టులోనూ అసిస్టెంట్‌గా చేరలేదు. తన కొడుకులు ఆడే పిల్లల జట్లకి కోచింగ్ ఇచ్చుకుంటూ ఉండిపోయాడు. అక్క వర్ణించిన దృశ్యమే: చల్లటి రింక్, గోడ పట్టుకుని జారుతున్న పిల్లలు, మధ్యలో విజిల్ పట్టుకున్న ఒక పాత ఆటగాడు.

2022 ఫిబ్రవరిలో మాంట్రియల్ కెనేడియన్స్, లీగ్ మొత్తంలో అన్నిటికన్నా ఎక్కువ కప్పులు గెలిచిన జట్టు, అప్పుడు అట్టడుగున ఉంది. పిల్లల రింక్ నుంచి నేరుగా ఇతన్ని పిలిచి తాత్కాలిక హెడ్ కోచ్‌ని చేసింది. ప్రొఫెషనల్ స్థాయిలో కోచ్‌గా అనుభవం లేదని చాలామంది పెదవి విరిచారు. జూన్ వచ్చేసరికి ఆ ఉద్యోగం పర్మనెంట్ అయింది. మూడేళ్ళు తిరిగేసరికి, 2025లో, జట్టు ప్లేఆఫ్స్‌కి వెళ్ళింది. ఏడేళ్ళు పక్క కుర్చీలో కూర్చోవాలన్న నా లెక్కకి ఇతను అడ్డు. లేదా పిల్లల దగ్గర గడిపిన ఆ ఏళ్ళే అతని పక్క కుర్చీ అనుకోవచ్చు. పదేళ్ళ పిల్లోడికి ఒక విషయం అర్థమయ్యేలా చెప్పాలంటే మనకి ఒంటికి అలవాటైపోయిన పనిని విడదీసి, ముక్కలు చేసి, మాటల్లో పెట్టాలి కదా.

ఫోన్లో చెప్పినంత విన్నాక అక్క కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మీవోడికి ఎక్కువ సేపు ఆట ఇయ్యట్లేదని మొన్న ఆయన మీద కోపం చేసుకున్నా రా" అంది. పదిహేను మంది పిల్లలుంటే ఎవరికెంత వస్తుందో కాగితం మీద వేసి చూడమన్నాను. వేసి చూసి రాత్రికి ఫోటో పంపింది, మనోడికి వాటా కన్నా రెండు నిమిషాలు ఎక్కువే వస్తోంది.